సీటు కింద ఫ్యూజులు

స్ప్రింగ్ గ్రోవ్, మిన్నెసోటా
1996 ఫిబ్రవరి 11

అక్కా,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. విమానానికి రెక్కలు బిగించడం అయిపోయింది. నిన్నటితో సీటు ముందుండే మీటర్ల ప్యానెల్ కూడా పూర్తయింది. ఇన్నేళ్ళూ ఈ పాత కోళ్ళ షెడ్డులో నేను, రివిట్లు, నీ మరదలు లవోన్ సణుగుడు, అంతే. ఇప్పుడు చూస్తుంటే ఇది నా చేతులతో కట్టిందేనా అని నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

అసలు సంగతి చెప్తాను విను. కిందటి వేసవిలో విమానాల సంతలో ఒక ముసలాయన దగ్గర పద్నాలుగు సర్క్యూట్ బ్రేకర్లు దొరికాయి. ఆషామాషీవి కావు. పెద్ద జెట్ విమానాల్లోంచి తీసినవి. నల్లటి బొత్తాలు, వాటి మీద తెల్లటి అంకెలు. ప్రతిదాని వెనకా ఆకుపచ్చ రంగు చుక్క కూడా ఉంది, అంటే పరీక్షించి సరేనన్నవే. వాటిని ప్యానెల్ కింది వరసలో బారుగా బిగించాను. శనివారం మా విమానాల సంఘం వాళ్ళు చూడ్డానికొచ్చి నోళ్ళు వెళ్ళబెట్టారు. సంఘానికి పెద్ద డ్వేన్ ప్రిబిల్ లేడూ, నాలుగు విమానాలు సొంతంగా కట్టినవాడు, వాడు కాఫీ కప్పు పక్కన పెట్టి మరీ వంగి చూశాడు. గాల్లో ఉండగా ఏ లైనైనా షార్ట్ అయితే బొత్తాం బయటికి తన్నుకొస్తుంది. వేలితో నొక్కితే మళ్ళీ కరెంటు. అంత సుఖం.

నువ్వు ముప్ఫై ఏళ్ళు జెట్ విమానాలకి వైర్లు వేసినదానివి. ఒక్క మంచిమాట రాస్తావని నా ఆశ. మొదటి నలభై గంటలూ నేను ఒంటరిగానే ఎగరాలి, ప్రభుత్వం వాళ్ళ నియమం. అవి అయిపోయాక పక్క సీట్లో ఎక్కించుకునే మొదటి మనిషివి నువ్వే. లవోన్‌కి కూడా చెప్పేశాను. మొహం మాడ్చుకుంది గానీ ఒప్పుకుంది.

నీ తమ్ముడు
వెర్లిన్


టల్సా, ఓక్లహోమా
ఫిబ్రవరి 19

ఒరే వెర్లిన్,

ఫోన్ ఎందుకు ఎత్తనంటే, ఎత్తితే నువ్వే మాట్లాడతావు. కాగితం మీదైతే నాకు అడ్డం రాలేవు.

మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనెట. స్నానాల తొట్టికి రెక్కలు తగిలించుకుని దానికి జెట్ విమానం బ్రేకర్లా? అక్కడ ముందు ఇద్దరు కూర్చుంటారురా. ఒకడు నడుపుతుంటే ఇంకొకడు పుస్తకం తీసి, బొత్తాం ఎందుకు బయటికొచ్చిందో, నొక్కొచ్చో కూడదో చదువుతాడు. నీ పక్కన ఎవడుంటాడు? నీ శాండ్‌విచ్ డబ్బా ఉంటుంది.

బ్రేకరనేది ఊరుకోగలిగినవాడి చేతికింద ఉండాల్సిన వస్తువు. బొత్తాం బయటికొచ్చిందంటే ఎక్కడో ఒక వైరు కాలబోతోందని అర్థం. దాన్ని మళ్ళీ నొక్కడం కొరివితో తల గోక్కోవడమే. అలా నొక్కీ నొక్కీ మాడ్చేసిన వైర్ల కట్టలు మా రిపేరు షాపుకి బస్తాల్లో వచ్చేవి. నువ్వు నొక్కనంటావు. నేను నవ్వుతాను. లిఫ్టు బొత్తాం వెలుగుతున్నా ఇంకో రెండుసార్లు పొడిచే మనిషివి నువ్వు. నాన్న అంత్యక్రియల్లో పాస్టరు ప్రార్థన చదువుతుంటే, శవపేటిక మూత ఒక పక్క సరిగ్గా కూర్చోలేదని లేచి వెళ్ళి సర్దొచ్చావు. చర్చి మొత్తం చూసింది. అలాంటి చేతికి పద్నాలుగు బొత్తాలు అందేలా పెట్టుకున్నావా?

ఇక ఆ ఆకుపచ్చ చుక్కల సంగతి. మా షాపులో ఎర్రచుక్క అంటే బోల్టు బిగించామని గుర్తు. ఆ రంగు దానికి పోయింది కాబట్టి, పనికిరాదని పారేసే వాటికి ఆకుపచ్చ వేసేవాళ్ళం. నువ్వు మురిసిపోతున్న చుక్కల్లో కొన్ని నేను వేసినవే అయినా నేను ఆశ్చర్యపోను. ఆ చెత్త సంతదాకా ఎలా వెళ్ళిందో గానీ, కొనడానికి మాత్రం సరైనవాడివి నువ్వు దొరికావు.

కార్లలో వేసే మామూలు ఫ్యూజులు కొనుక్కో. వాటి పెట్టె నీ చెయ్యి అందని చోట, పక్క సీటు కింద బిగించు. ఒకటి కొట్టేసిందా, కొట్టేసింది. ఏది పనిచెయ్యడం మానేసిందో దాన్ని మర్చిపోయి ఇంటికి రా. నేలమీద కూర్చుని తీరిగ్గా చూసుకో. ఏ ఒక్కటి పోయినా విమానం దిగేలా వైర్లు వేసుకోవడమే తెలివి. మళ్ళీ వెలిగించుకోవడం కాదు.

ఆ బ్రేకర్లుండగా నేను ఎక్కను.

ఆర్డిస్


స్ప్రింగ్ గ్రోవ్
మార్చి 2

అక్కా,

మంచిమాట అడిగితే మొట్టికాయ పంపించావు. నీ దగ్గర ఇంకేం ఉందిలే పంపడానికి.

ముప్ఫై ఏళ్ళు విమానాల పొట్టల్లో దూరి వైర్లు లాగావు. ఒప్పుకున్నాను. ముందు సీట్లో ఒక్కరోజు కూర్చున్నావా? గాల్లో రేడియో మూగబోతే ఎలా ఉంటుందో నీకేం తెలుసు? వంటింట్లో బల్బు పోయినట్టు అనుకుంటున్నావు. "దాన్ని మర్చిపోయి ఇంటికి రా" అని టల్సాలో కుర్చీలో కూర్చుని రాయడం తేలిక.

నీ ఉత్తరం సంగతి డ్వేన్‌కి చెప్పాను. మా దగ్గర నెలకో శనివారం విమానాలు పెట్టే హ్యాంగర్లో పాన్‌కేకులు వేస్తారు కదా. అక్కడ ఫ్యూజుల వాళ్ళది ఒక బల్ల, బ్రేకర్ల వాళ్ళది ఒక బల్ల. పాన్‌కేకుల మీద పోసుకునే తీపి సిరప్ సీసా అటునుంచి ఇటు రావాలంటే లేచి వెళ్ళి తెచ్చుకోవాల్సిందే. మా చర్చి రెండుగా చీలినప్పుడు కూడా ఇంత పంతం చూడలేదంటుంది లవోన్. మా బల్ల దగ్గర కూర్చునేవాళ్ళంతా వెర్రివాళ్ళూ, నువ్వొక్కదానివే జ్ఞానివీనా?

ఇక ఆకుపచ్చ అంటే లోకంలో ఎక్కడైనా సరేనని అర్థం. మీ షాపులో తలకిందులుగా నడిచారని ఊరందరూ చేతులమీద నడవరు. ఒక్క చుక్కని పట్టుకుని కథలల్లకు. ప్యానెల్ అలాగే ఉంటుంది. మేలో ఎగురుతున్నాను. ఎక్కితే ఎక్కు, లేకపోతే మానెయ్.

వెర్లిన్


టల్సా
మార్చి 10

ఒరే,

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళట. సరే, నా మాటా వద్దు, నీ మాటా వద్దు.

ఒక బ్యాటరీ తెచ్చుకో. జానెడు వైరు తెచ్చుకో. ఆ వైరుని బ్రేకర్లోంచి పోనిచ్చి బ్యాటరీ రెండు కొనలకీ నేరుగా కలుపు. మంచి బ్రేకరైతే బొత్తాం తన్నుకొచ్చి టక్కున పడిపోతుంది, కరెంటు ఆగి వైరు వేడైనా కాదు. చచ్చిన బ్రేకరైతే చూస్తూ కూర్చుంటుంది, వైరు ఎర్రబడుతుంది. పద్నాలుగింటికీ అదే పరీక్ష. నీ కోళ్ళ షెడ్డులో ఒంటరిగా చెయ్యకు. ఒంటరిగా చేస్తే నీకు కావలసినట్టే తేలుతుందని నాకు తెలుసు. ఆ పాన్‌కేకుల దగ్గర, రెండు బల్లలవాళ్ళ ముందూ చెయ్యి.

దమ్ముంటేనే. లేకపోతే ప్యానెల్ తుడుచుకుంటూ కూర్చో.

ఆర్డిస్


స్ప్రింగ్ గ్రోవ్
మార్చి 25

అక్కా,

చేశాను.

మొదటి మూడూ పడ్డాయి. నాలుగోది పడలేదు. వైరు మీది ప్లాస్టిక్ కరిగి పొగ లేచింది. డ్వేన్ కటింగ్ ప్లేయరుతో తెంపాల్సి వచ్చింది. ఆరో దాని దగ్గర లవోన్ తెచ్చిన బల్లగుడ్డకి చిల్లు పడింది. ఫ్యూజుల బల్ల వాళ్ళు చప్పట్లు కొట్టడం మొదలెట్టారు. ఒకడు ఫోర్కుకి పాన్‌కేకు గుచ్చి తెచ్చి, కొంచెం వేడి చేసి పెట్టమన్నాడు. మా బల్లవాళ్ళు కూడా నవ్వారు. పద్నాలుగింట్లో తొమ్మిది పడలేదు.

అన్నీ పీకేశాను. ప్యానెల్‌కి పద్నాలుగు చిల్లులున్నాయి, రేకు వేసి మూశాను. కారు ఫ్యూజులు కొన్నాను. పెట్టె పక్క సీటు కిందే, నువ్వు చెప్పినట్టే. నీ మాటే నెగ్గింది. దీని గురించి ఇంక రాయకు.

వెర్లిన్


టల్సా
ఏప్రిల్ 3

ఒరే వెర్లిన్,

రాయొద్దంటే ఊరుకుంటాననుకున్నావా? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పాన్‌కేకు వేడి చెయ్యమన్నవాడెవడో గానీ వాడికి నా తరఫున కాఫీ పోయించు. ఇన్నేళ్ళలో ఇంత హాయిగా నవ్వలేదు. మా పక్కింటావిడకి చదివి వినిపించాను. ఆవిడకి ఫ్యూజంటే ఏమిటో తెలియదు, అయినా నవ్వింది.

తొమ్మిది! నేను ఆరనుకున్నాను. వాటితో నువ్వు మేలో ఎగిరి ఉంటే సమాధి రాయి మీద నీ పేరు పక్కన రెండు తేదీలు చెక్కించే పని నా నెత్తిన పడేది.

ఇంకో సంగతి. మీ డ్వేన్‌కి కూడా ఒక పేజీ రాసి పంపాను, మీ సంఘం పత్రికలో వేసుకోమని. నలుగురికీ పనికొస్తుంది. నీ పేరు రాయలేదులే, కంగారు పడకు. "ఆకుపచ్చ చుక్కల వీరుడు" అని మాత్రమే రాశాను.

ఇప్పుడు నీ విమానంలో ఎక్కుతాను. నలభై గంటలూ పూర్తి చేసుకుని కబురు చెయ్యి.

ఆర్డిస్


స్ప్రింగ్ గ్రోవ్
జూన్ 9

వదినగారికి,

క్రిస్మస్ కార్డు తప్ప నేను మీకు ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఆయన ఇది కూడా రాయొద్దన్నారు. రాస్తున్నాను. ముందే చెప్తున్నాను, ఆయన బతికే ఉన్నారు. కుడి భుజం ఎముకా, రెండు పక్కటెముకలూ విరిగాయి.

మీరు పంపిన పేజీ మే నెల పత్రికలో వచ్చింది. పేరు రాయలేదని గొప్పగా చెప్పుకున్నారట. ఈ ఊళ్ళో పద్నాలుగు బ్రేకర్లు కాల్చుకున్నవాడు ఇంకెవరున్నారండీ? ఆరోజు నుంచి ఆయన్ని వీరుడనే పిలుస్తున్నారు. విమానం తోకకి ఎవరో ఆకుపచ్చ చుక్క అంటించారు. ఆదివారం చర్చి మెట్లమీద పాస్టరు కూడా "ఏం వీరుడా" అన్నాడు. ఆయన వాళ్ళతో పాటు నవ్వేవారు. ఇంటికొచ్చి అన్నం ముట్టేవారు కాదు.

ఆ తర్వాత ఒకరోజు వాషింగ్ మెషీన్లో గలగలమంటుంటే ఆపి చూశాను. ఆయన చొక్కా జేబులోంచి ఫ్యూజులు, గుప్పెడు. ఎందుకివి అంటే, ఊరికే అన్నారు. ఊరికే కాదని ఇప్పుడు తెలిసింది. మీరు చెయ్యి అందకూడదన్న ఆ పెట్టెకి, ఎవరికీ చెప్పకుండా సీటు పక్కన ఒక మూత కోసి పెట్టుకున్నారు. వంగితే అందేలాగా.

ఆయన ఎగిరేటప్పుడు డ్వేన్ వాళ్ళంతా హ్యాంగరు బయట కుర్చీలేసుకుని చేతి రేడియో పెట్టుకుని వింటారు. ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఆయన పైనుంచి మాట చెప్తారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం గాల్లో ఉండగా రేడియో ఆగిపోయింది. ఇంజను బాగుంది, రెక్కలు బాగున్నాయి, ఎండ కాస్తోంది. మామూలుగా దిగిపోతే సరిపోయేది. ఆయన దిగలేదు. బెల్టులు వదులు చేసుకుని, పక్కకి వంగి, కొత్త ఫ్యూజు పెట్టారు. అది పెట్టీ పెట్టగానే కొట్టేసింది. ఇంకోటి తీసి మళ్ళీ వంగారు. ఆ వంగడంలో మోకాలు విమానం నడిపే స్టిక్కుని ముందుకు తోసేసింది. విమానం ముక్కు కిందకి పడింది. తల వెళ్ళి పైకప్పుకి కొట్టుకుంది. సర్దుకుని స్టిక్కు వెనక్కి లాగేసరికి హాల్వర్సన్ వాళ్ళ సోయా చేను వచ్చేసింది. చక్రాలు మట్టిలో దిగబడి ముందుకి మొగ్గింది. ప్రొపెల్లరు ముక్కలైంది. బెల్టు లేని భుజం వెళ్ళి ప్యానెల్‌కి తగిలింది.

ఆసుపత్రిలో అడిగాను, ఎందుకు వంగారని. ఏమన్నారో తెలుసా?

"మాట ఆగిపోతే వాళ్ళకి తెలిసిపోతుందే, ఫ్యూజు కొట్టేసిందని. మళ్ళీ నవ్వుతారు. అది అక్క దాకా వెళ్తుంది."

అంతే. అరవై ఏళ్ళ మనిషి.

మీరు చెప్పినవన్నీ నిజాలేనండీ. బ్రేకర్ల గురించి నిజమే చెప్పారు, ఫ్యూజుల గురించి నిజమే చెప్పారు. ఆయన ఊరుకోలేరని కూడా మీకే అందరికన్నా ముందు తెలుసు. తెలిసి ఉండి ఆ పేజీ పంపారు. పంపకపోతే మీ చెయ్యి పడిపోయేదా? నెగ్గాక కూడా ఊరుకోలేని మీరు, ఆయన్ని ఊరుకోమంటారు. అక్కాతమ్ముళ్ళిద్దరికీ వైర్ల గురించి తెలియనిది లేదు. మిగతా దేని గురించీ తెలిసినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు.

లవోన్


టల్సా
జూన్ 15

వెర్లిన్,

ఎముక ఎలా ఉంది? జ్వరం ఏమైనా వచ్చిందా?

రేడియో ఫ్యూజు ఎందుకు కొట్టేసిందో చూశారా? హెడ్‌ఫోను వైరుని సీటు జరిగే ఇనుప పట్టా కిందనుంచి పోనిచ్చి ఉంటావు, అది రాసుకుని ఒరిసిపోయి ఉంటుంది. ఎవడైనా అక్కడనుంచి పోనిస్తాడా?

పైన రాసింది కొట్టేసి మళ్ళీ మొదలెడదామనుకున్నాను. కొట్టేస్తే ఇంకేం రాయాలో తెలియడం లేదు. అందుకని ఉంచేశాను. లవోన్ ఉత్తరం అందింది. ఆమె చేత నేను తినాల్సిన తిట్లే తిన్నాను.

ఆర్డిస్


స్ప్రింగ్ గ్రోవ్
జూన్ 24

అక్కా,

ఎడంచేత్తో రాస్తున్నాను, చదువుకో. వైరు సంగతి నువ్వన్నదే. సీటు పట్టా కిందే.

డ్వేన్ వచ్చాడు. విమానం తను తీసుకుంటానన్నాడు. బాగుచేసుకుని మిగిలిన గంటలు తనే ఎగురుతాడట. "నువ్వు కట్టడం బాగా కడతావు వెర్లిన్, అందులో కూర్చోవడమే..." అని ఆగిపోయాడు. మిగతాది అనక్కర్లేదు కదా. పత్రికలో వేసినందుకు మాత్రం తల వంచుకున్నాడు. లవోన్ వాడికి కాఫీ ఇవ్వలేదు.

ఇచ్చేద్దామనే అనుకుంటున్నాను. ఏదీ అప్పజెప్పకూడని చేతులు నావి అని తేలిపోయింది. నువ్వు ఎప్పుడూ అంటున్నదే. కానీ ఇచ్చేముందు నిన్ను ఒకటి అడగాలి. ఈ లోకంలో ఫ్యూజు గురించి నీకన్నా తెలిసినవాళ్ళని నేను చూడలేదు. ఆ ఆదివారం ఆ సీట్లో నువ్వు ఉండి, కింద వాళ్ళంతా చెవులు రిక్కించి కూర్చుని ఉంటే, నీ జేబులో ఫ్యూజులు ఉంటే, నువ్వు చెయ్యి పెట్టకుండా ఇంటికొచ్చేదానివా?

వచ్చేదానివైతే తప్పు నాదొక్కడిదే. డ్వేన్‌కి ఇచ్చేస్తాను, బాధ కూడా పడను. పెట్టేదానివైతే అది వేరే లెక్క. అప్పుడు మనలాంటి మనుషులకి తగ్గట్టు దాన్ని మళ్ళీ కట్టుకోవాలి.

పేజీలు రాయకు. ఒక్క మాట చాలు. అబద్ధం మాత్రం వద్దు.

వెర్లిన్


టల్సా
జూలై 2

ఒరే వెర్లిన్,

ఒక్క మాట చాలన్నావు. ఆ ఒక్క మాటా అదేరోజు రాశాను. "వచ్చేదాన్ని" అని రాసి, మడిచి, కవరులో పెట్టి, బిళ్ళ అంటించాను. అది నాలుగు రోజులుగా రొట్టెల డబ్బా మీద కూర్చుని నన్ను చూస్తోంది. ఇవాళ పొద్దున చించేశాను. ఈ మధ్య పోస్టు బిళ్ళలు నాలిక్కి చేదుగా ఉంటున్నాయి, ఆ డబ్బు కూడా దండగ.

ఈ ఊళ్ళో ఎండ భరించలేకుండా ఉంది. పక్కింటావిడ నీ ఎముక గురించి అడిగింది. నీకెందుకన్నాను. అప్పుడు నవ్వినందుకు ఆవిడ మీద కోపం. చదివి నవ్వించింది నేనే అయినా.

డ్వేన్‌కి విమానం ఇవ్వకు. వాడు నాలుగు కట్టాడు, చాలు. వచ్చే శుక్రవారం బస్సుకి టికెట్ తీసుకున్నాను. అది లాక్రాస్ దాకానే వస్తుంది. అక్కడికి లవోన్‌ని కారు తెమ్మని చెప్పు. ఆమెకి నన్ను తిట్టాలని ఉంటే దారి పొడుగునా తిట్టొచ్చు. నేను బదులు చెప్పను, లేదా చెప్పకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను.

ఆ మూతని రివిట్లు కొట్టి మూసేద్దాం. రివిటు కొట్టాలంటే ఇద్దరు కావాలి కదా, ఒకరు రివిటు గన్ను పట్టుకోవాలి, ఒకరు వెనకనుంచి ఇనుప దిమ్మె ఆనించాలి. గన్ను నేను పడతాను. దిమ్మె నువ్వు ఎడంచేత్తో పట్టుకో. ఆ పెట్టె విప్పాలంటే డ్రిల్లు తేవాలి, నేలమీద దిగాలి, ఇద్దరూ ఉండాలి. అంతకన్నా తక్కువలో మన చేతులు ఆగవు. శనివారం పాన్‌కేకులు ఉంటే నేను కూడా వస్తాను. బ్రేకర్ల బల్ల దగ్గరే కూర్చుంటాను, నవ్వేవాళ్ళు నన్ను చూసి నవ్వుకోవచ్చు.

ఇక నువ్వడిగిన దానికి జవాబు. పెట్టేదాన్నిరా. నువ్వు రెండుతో ఆగావు. నేనైతే జేబు ఖాళీ అయ్యేదాకా పెట్టేదాన్ని.

అక్క